ఓర్వకల్లు లెక్కల పుస్తకం

*విమానాశ్రయం, పారిశ్రామిక వాడ రాకముందే ఆ మెట్ట మండలానికి దేశం నలుమూలలా పేరు తెచ్చింది రోజుకో రూపాయి దాచుకున్న మహిళల సంఘం*

కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే జాతీయ రహదారి మీద పాతిక కిలోమీటర్లు సాగేసరికి నేల తీరు మారిపోయి, గాలికీ వానకూ అరిగి రకరకాల ఆకారాలు పొందిన రాతి గుట్టలు, వాటి సందుల్లో పెరిగిన ముళ్లపొదలు, తొలకరి కోసం దున్ని పెట్టిన మెట్టచేలు రెండు వైపులా కనిపిస్తాయి. ఆ చేలకు ఆవల శకునాల వైపు సౌరఫలకాల వరుసలు, ఇవతల 2021 మార్చిలో మొదలైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం ఉన్నాయి. ఇది ఓర్వకల్లు. మండల మహిళా సమాఖ్య సమావేశం జరిగే రోజున ఇక్కడి హాలులో జంపఖానాలు పరుస్తారు, ఊరూరి నుంచి వచ్చిన మహిళలు గుండ్రంగా కూర్చుంటారు, ఒక్కో ఊరి పేరు పిలవగానే ఆ ఊరి ప్రతినిధి లేచి హాజరు, పొదుపు, ఇచ్చిన అప్పు, వసూలైన అప్పు, నిలవ అన్న వరుసలో అంకెలు చదువుతుంది. అంకె ఎక్కడైనా తడబడితే సరిచేసేది అధికారి కాదు, ఎదురుగా కూర్చున్న పక్క ఊరి మహిళ.

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశవ్యాప్తంగా ఆమోదించిన 12 పారిశ్రామిక కేంద్రాల్లో కర్నూలు జిల్లా ఓర్వకల్లు, కడప జిల్లా కొప్పర్తి రెండూ ఉండటంతో ఈ రెండు ఊళ్ల పేర్లు మళ్లీ పత్రికలకెక్కాయి. ఓర్వకల్లులో 2,621 ఎకరాలు, కొప్పర్తిలో 2,596 ఎకరాలు, వేల కోట్ల పెట్టుబడి అంటూ చర్చంతా ఎకరాల చుట్టూ, కోట్ల చుట్టూ తిరుగుతోంది. అయితే రాయలసీమ మెట్టలో ప్రజలు సొంతంగా నిర్మించుకున్న సంస్థ ఏదని వెదికితే, దాని చరిత్ర ఈ ప్రకటనకు మూడు దశాబ్దాల వెనుక, ముప్పై రూపాయల నెలవారీ పొదుపుతో మొదలవుతుంది.

వాన తక్కువ, వడ్డీ ఎక్కువ

పడమటి కనుమల చాటున ఉండటం వల్ల నైరుతి రుతుపవనాల జోరు తగ్గిపోయాక మిగిలిన వానే కర్నూలు, కడప జిల్లాలకు దక్కుతుంది. ఏడాదికి అటూ ఇటుగా ఆరేడు వందల మిల్లీమీటర్లు కురిసినా, అది పంటకు కావలసిన రోజున కురవకపోవడమే ఇక్కడి అసలు కష్టం. 1860లలో సుంకేసుల దగ్గర తుంగభద్రను మళ్లించి కర్నూలు నుంచి కడప దాకా తవ్విన కె.సి. కాలువ తన ఆయకట్టును తడిపింది గానీ, కాలువకు ఎగువన ఉన్న ఎర్రనేలలూ గరపనేలలూ బోరుబావికీ ఆకాశానికీ అప్పగించినట్లే మిగిలిపోయాయి. పంట పోయిన ఏడాది కర్నూలు పడమటి మండలాలైన కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు జనం మిరప కోతలకు గుంటూరు, పత్తి ఏరివేతకు తెలంగాణ బాట పడతారు. ఆ ప్రయాణాన్ని అక్కడివారు సుగ్గికి పోవడం అంటారు. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం, పండగ లాంటి మాట. సరిహద్దు దాటి ఈ ఊళ్లకు వచ్చేసరికి అది ఇంటికి తాళం వేసి పిల్లలతో సహా లారీ ఎక్కడానికి పేరైంది. ఉమ్మడి కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట ప్రాంతాల మహిళలకు ఇదే వలస ఇంకొంచెం దూరం, కువైట్‌లో ఇంటిపని దాకా సాగింది.

ఈ రెండు ప్రయాణాలకూ ముందు సాధారణంగా ఒక అప్పు ఉంటుంది. పల్లెల్లో వడ్డీని ఏడాది శాతాల్లో చెప్పరు, నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెబుతారు. నూటికి ఐదు రూపాయల వడ్డీకి ఐదు వేలు తెచ్చిన కుటుంబం నెలకు రెండు వందల యాభై చొప్పున ఏడాదికి మూడు వేలు కట్టి కూడా, అసలు ఐదు వేలు అలాగే మిగిలి ఉండగా మరో ఏడాదిలోకి అడుగుపెడుతుంది. అదే సొమ్ము నూటికి రూపాయి చొప్పున దొరికితే ఏడాది వడ్డీ ఆరు వందలు. ఈ రెండింటికీ మధ్య ఉన్న రెండు వేల నాలుగు వందల రూపాయలు పట్నం లెక్కలో చిన్న మొత్తమే కావచ్చు గానీ, ఆ ఇంటి పిల్ల బడికి వెళ్తుందా, పనికి వెళ్తుందా అన్నది చాలాసార్లు తేల్చేది ఆ మొత్తమే.

కొమిల్లా నుంచి కర్నూలు దాకా

పేదలు చిన్న చిన్న మొత్తాలు కూడబెట్టుకుని తమలో తామే అప్పులు ఇచ్చుకునే పద్ధతికి దూరపు చుట్టరికాలు చాలా ఉన్నాయి. 19వ శతాబ్దంలో జర్మనీ పల్లెల్లో రైఫైజెన్ నెలకొల్పిన పరపతి సంఘాల అనుభవాన్ని, 1959లో నేటి బంగ్లాదేశ్‌లోని కొమిల్లాలో అఖ్తర్ హమీద్ ఖాన్ చిన్న రైతులకు తగినట్లు మలిచారు. ఆయన శిష్యుడు షోయబ్ సుల్తాన్ ఖాన్ అదే మార్గాన్ని 1982 నుంచి పాకిస్తాన్ ఉత్తర కొండల్లోని గిల్గిత్ ప్రాంతంలో అమలు చేశారు. సార్క్ దేశాలు పేదరికంపై వేసిన స్వతంత్ర సంఘం సిఫార్సుల తరువాత ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం దక్షిణాసియా పేదరిక నిర్మూలన పథకాన్ని చేపట్టి షోయబ్ సుల్తాన్ ఖాన్‌ను సలహాదారుగా తీసుకుంది. 1995-96 ప్రాంతంలో ఆ పథకం భారతదేశంలో అడుగుపెట్టినప్పుడు దానికి ఎంపికైనవి అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని 20 మండలాలు. ఓర్వకల్లు అందులో ఒకటి. ఐ.ఏ.ఎస్. అధికారి కె. రాజు ఆ పథకానికి రాష్ట్రంలో సారథ్యం వహించారు.

ఆ నాటికి ఆంధ్రప్రదేశ్ నేల ఇలాంటి విత్తనానికి సిద్ధంగానే ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసింది, సారా కొట్లకు పోకుండా మిగిలిన డబ్బును దాచుకోమంటూ ఆ జిల్లాలోనే పొదుపులక్ష్మి కార్యక్రమం పుట్టింది. అంతకు పదేళ్ల ముందే, 1982లో కేంద్రం ప్రారంభించిన డ్వాక్రా, అంటే గ్రామీణ మహిళా శిశు అభివృద్ధి పథకం, గుంపులుగా కూర్చోవడం అలవాటు చేసి ఉంది. 1999లో ఆ పథకాన్ని మరో పథకంలో కలిపేసినా, పాతికేళ్లు దాటిన తరువాత కూడా జనం నోట అది డ్వాక్రాగానే ఉంది. ప్రభుత్వాలు పేర్లు మార్చినంత సులువుగా పల్లె నాలుక మార్చుకోదనడానికి ఇదో నిదర్శనం.

ఐక్యరాజ్యసమితి తెచ్చిన కొత్త పథకం ప్రత్యేకత డబ్బులో లేదు, క్రమంలో ఉంది. ముందు సభ్యులు కూడాలి, తరువాత సొంతంగా పొదుపు చేయాలి, ఆ పొదుపులోంచి ఒకరికొకరు అప్పిచ్చుకోవాలి, ఆ అప్పులు తిరిగి రావాలి, ఆ తరువాతే బయటి సొమ్ము. ఓర్వకల్లు మండలంలో ఇలా ఏర్పడిన సంఘాలు ఊరి స్థాయిలో గ్రామైక్య సంఘాలుగా, మండల స్థాయిలో పొదుపులక్ష్మి ఐక్యసంఘంగా కూడుకున్నాయి. చిరకాలం దానికి వెన్నుదన్నుగా, సలహాదారుగా నిలిచిన విజయభారతి పేరు ఆ మండలంలో సంఘం పేరుతో కలిపే వినిపిస్తుంది.

■ పంచసూత్రాలు
*సంఘం బాగుందా లేదా అని చూడటానికి పెట్టుకున్న ఐదు కొలతలు ఇవి: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, గడువులోగా తిరిగి చెల్లింపు, సక్రమమైన పుస్తకాలు. పదిహేను మంది సభ్యులు రోజుకో రూపాయి లెక్కన నెలకు ముప్పై చొప్పున దాస్తే నెలకు 450 రూపాయలు, ఏడాదికి 5,400 రూపాయలు. తొలినాళ్ల సంఘాల మొత్తం పెట్టుబడి ఇంతే.*

కాల్వ సర్పంచి

ఓర్వకల్లు మండలంలోని కాల్వ గ్రామం గురించి చెప్పకుండా ఈ కథ నడవదు. 73వ రాజ్యాంగ సవరణ స్థానిక సంస్థల్లో మూడో వంతు స్థానాలను మహిళలకు కేటాయించిన తరువాత, 1995 పంచాయతీ ఎన్నికల్లో ఫాతిమాబీ ఆ ఊరి సర్పంచి అయ్యారు. బడి ముఖం చూడని, పరదా చాటున పెరిగిన ముస్లిం మహిళ పదవిలోకి వస్తే ఆ రోజుల్లో ఏం జరిగేదో ఇక్కడా మొదట అదే జరిగింది. పదవి ఆమెది, పెత్తనం భర్తది. సంతకం బదులు వేలిముద్ర, సమావేశం బదులు ఇంటి దగ్గరికి వచ్చే కాగితం అన్నట్లుగా పంచాయతీ సాగింది.

దీన్ని మార్చినది ఎన్నికల చట్టం కాదు, ఊళ్లో అప్పుడే వేళ్లూనుతున్న మహిళా సంఘాలు. సంఘంలో కూర్చున్న మహిళలు తమ ముప్పై రూపాయల లెక్క అడగడం నేర్చుకున్నాక, పంచాయతీ లెక్క అడగడానికి ఎంతో కాలం పట్టలేదు. సర్పంచి స్వయంగా సమావేశాలకు వచ్చారు, సంఘాలు ఆమె వెనుక నిలబడ్డాయి, ఊళ్లో పనులు కదిలాయి. 1998లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం పేదరిక నిర్మూలనలో కృషికి ఇచ్చే పురస్కారానికి ఫాతిమాబీని ఎంపిక చేసింది, నాటి సమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ చేతుల మీదుగా న్యూయార్క్‌లో ఆమె దాన్ని అందుకున్నారు. ఓర్వకల్లు పేరు ప్రపంచానికి తెలిసింది అప్పుడు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. ఈ కథను చెప్పేవారు ఎక్కువగా న్యూయార్క్ దగ్గర ఆగిపోతారు. అసలు విషయం అంతకు ముందు, సంఘం జంపఖానా మీద జరిగింది: రిజర్వేషన్ ఒక మహిళను కుర్చీ దాకా తెచ్చి వదిలేస్తే, ఆ కుర్చీలో నిలబెట్టినది పొదుపు సంఘం. ఈ రెండూ కలవని చోట భర్తల పాలన ఏళ్లకేళ్లు సాగిన పంచాయతీలు రాయలసీమలో కొల్లలు.

పత్తిపువ్వుల దగ్గర నుంచి పలక దాకా

సంఘం అప్పుల దగ్గరే ఆగిపోకపోవడానికి ఉమ్మడి కర్నూలు జిల్లాలో మరో బలమైన కారణం ఉంది. నంద్యాల చుట్టుపక్కల నల్లరేగడిలో హైబ్రిడ్ పత్తి విత్తనం పండించే సాగు విస్తరించింది. ఇక్కడివారు దాన్ని సీడు పత్తి అంటారు. హైబ్రిడ్ విత్తనం కావాలంటే ఆడ మొక్క మీది ప్రతి మొగ్గనూ సాయంత్రం వేళ విప్పి, లోపలి పుప్పొడి తిత్తులను గోటితో తీసేసి, మరునాటి ఉదయం మగ మొక్క పువ్వు తెచ్చి దాని కీలాగ్రానికి రుద్దాలి. క్రాసింగ్ అని పిలిచే ఈ పని ఎకరా చేలో వేల పువ్వులకు, రెండు నెలలకు పైగా రోజూ జరగాలి. ఈ పనికి చిన్న వేళ్లు కావాలని, ఒంగితే నడుం నొప్పి అనని వయసు కావాలని, అన్నిటికన్నా ముఖ్యంగా తక్కువ కూలి కావాలని ఆడపిల్లలను పెట్టేవారు. తల్లిదండ్రులు ముందుగా తెచ్చుకున్న బాకీకి పిల్ల చాకిరీ చెల్లు అయ్యేది.

అందువల్లే అప్పు తీరడానికీ పిల్ల బడికి రావడానికీ ఇక్కడ నేరుగా లంకె ఉంది. వడ్డీ వ్యాపారికో విత్తన ఆర్గనైజరుకో ఉన్న బాకీ సంఘానికి మారితే, పిల్లను పని మాన్పించే వీలు తల్లికి దొరికింది. ఓర్వకల్లు సంఘం ఇంకో అడుగు ముందుకు వేసి, తల్లిదండ్రులు లేని పిల్లల కోసం, పని మాని వచ్చిన పిల్లల కోసం బాలభారతి పేరుతో సొంత పాఠశాలను నడిపించింది. పొదుపు సంఘం బడి నడపడమేమిటని అడిగేవారికి సమాధానం పైన చెప్పిన పత్తిచేలోనే ఉంది.

సహకార చట్టంలో తెరుచుకున్న తలుపు

సంఘాలు వేలుగా పెరిగాక వాటికి చట్టబద్ధమైన రూపం అవసరమైంది. 1964 సహకార చట్టం కింద ఏర్పడిన సంఘాల్లో ప్రభుత్వానికి వాటా ఉండేది, పాలకవర్గాన్ని రద్దు చేసి అధికారిని కూర్చోబెట్టే వీలుండేది. ఊరి పరపతి సంఘాలు చాలావరకు అలా నీరసించాయి. దీనికి విరుగుడుగా 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ప్రభుత్వ వాటా ధనం లేకుండా, సభ్యులే పెట్టుబడి పెట్టి, సభ్యులే నియమావళి రాసుకుని, సభ్యులే ఎన్నుకునే సంఘాలకు ఇది వీలు కల్పించింది. దేశంలో ఈ తరహా చట్టం చేసిన తొలి రాష్ట్రం మనదే. మాక్స్ అని అందరూ పిలిచే ఈ చట్టం కిందే మండల, జిల్లా సమాఖ్యలు రిజిస్టర్ అయ్యాయి.

2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, పొడి అక్షరాల్లో సెర్ప్, ఏర్పడింది. ప్రపంచ బ్యాంకు రుణంతో అదే ఏడాది ఆరు జిల్లాల్లో, 2003 నుంచి కర్నూలు, కడప సహా మిగిలిన గ్రామీణ జిల్లాల్లో వెలుగు పథకం నడిచింది. తరువాత అది ఇందిరా క్రాంతి పథం అయింది, మళ్లీ వెలుగు అయింది. ఇక్కడి అనుభవమే 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌కు ఒక ముఖ్యమైన ఆధారం. హిందీ రాని ఆంధ్ర సంఘాల మహిళలు బీహార్ పల్లెలకు వెళ్లి, వారాల తరబడి ఉండి, అక్కడి ఆడవారికి సంఘం పెట్టడం నేర్పి వచ్చారు.

■ నీటికీ ఒక బడ్జెట్
*కర్నూలు, కడప సహా ఏడు కరువు జిల్లాల్లో 2003 నుంచి కొన్నేళ్లపాటు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులు నడిపిన భూగర్భ జల కార్యక్రమంలో స్త్రీలూ పురుషులూ కలిసి ఊరి వర్షమాపకం చదివేవారు, పరిశీలన బోర్లలో నీటిమట్టాన్ని క్రమం తప్పకుండా కొలిచేవారు. వానాకాలం ముగిశాక ఎంత నీరు ఇంకింది, వేయాలనుకున్న పంటలకు ఎంత కావాలి అన్నది గోడ మీది పట్టికలో అందరి ముందు లెక్కగట్టేవారు. నీరు చాలదని తేలితే వరి వేయకూడదని చట్టం ఏదీ చెప్పలేదు. చాలదన్న సంగతి ఊరందరికీ తెలియడమే అక్కడ కట్టుబాటు.*

నేల మీది పనులు

అప్పు నుంచి సేద్యంలోకి సంఘాలు అడుగుపెట్టిన తీరు కడప, కర్నూలు మెట్టల్లో ప్రత్యేకంగా చూడదగినది. 2004-05 నుంచి పురుగుమందులు లేని సాగును గ్రామైక్య సంఘాల ద్వారా ప్రచారం చేసిన అనుభవం మీద, రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయాన్ని రాష్ట్రవ్యాప్తంగా చేపట్టింది. దీనికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ మానవతా పురస్కారంలో భాగం దక్కింది. పొలం ఎవరి పేరున ఉన్నా, ఊళ్లో ఈ సాగును నిలబెడుతున్నది మహిళా సంఘాలే.

ఇందులో సీమకు బాగా అతికినది తొలకరికి ముందే విత్తే పద్ధతి. ఎండలు ముదిరిన చైత్ర వైశాఖాల్లో సజ్జ, జొన్న, కొర్ర, అలసంద, పెసర, ఆముదం, గోగు, కాకర అంటూ ఇరవై ముప్పై రకాల గింజలను పోగుచేసి, విత్తనశుద్ధికి వాడే బీజామృతంతో తడిపి, మెత్తని మట్టినీ పేడతో చేసిన ఘనజీవామృతం పొడినీ చల్లుతూ చాటలో అటూ ఇటూ దొర్లిస్తే ప్రతి గింజ చుట్టూ పూత చేరి శనగగింజంత గుళిక అవుతుంది. తేలికపాటి జల్లుకు గుళిక తడిసి ఊరుకుంటుంది, మొలకెత్తేటంత తేమ చేరితేనే విచ్చుకుంటుంది. చీమలు, పక్షులు గింజను ఎత్తుకుపోకుండా ఆ పూతే కాపాడుతుంది. వేసవిలో బోడిగా మాడే చేను పచ్చగా కప్పి ఉంటుంది, పశువులకు మేత దొరుకుతుంది, ఖరీఫ్ నాటికి నేల మెత్తబడుతుంది. గింజలు కలిపే ఈ పనికి యంత్రం అక్కర్లేదు. చాట పట్టడం వచ్చిన నలుగురు ఉంటే చాలు, మరి ఆ విద్యలో ఊరి ఆడవారిని మించినవారు లేరు.

పాడి సంగతి ఇంకా తేలలేదు. 2020 డిసెంబరులో కడప, చిత్తూరు, ప్రకాశం జిల్లాల్లో అమూల్ ఒప్పందంతో మహిళా పాడి సహకార సంఘాలు ఏర్పడ్డాయి. పైనుంచి వచ్చిన సంఘాలు కావడంతో ప్రభుత్వం మారినప్పుడల్లా వాటి బతుకు ప్రశ్నార్థకమవుతుంది. 2002 నుంచి తెలంగాణలోని ములుకనూరులో మహిళలే సొంతంగా నడుపుకుంటున్న డెయిరీతో పోల్చి చూస్తే పునాది ఎవరు వేశారన్నదే తేడా అని తెలిసిపోతుంది.

సంఘం ఎవరిది?

ప్రశంస ఎంత చెప్పినా, ఈ మూడు దశాబ్దాల్లో సంఘాలకు తగిలిన దెబ్బలు దాచిపెట్టేవి కావు. మొదటిది బయటి అప్పు. సంఘాల్లో కూర్చునే అలవాటు పడ్డ ఆడవారే మైక్రో ఫైనాన్స్ కంపెనీలకు సిద్ధంగా ఉన్న ఖాతాదారులయ్యారు. వారం వారం వసూళ్ల ఒత్తిడికి ఆత్మహత్యల దాకా పరిస్థితి వచ్చి 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. రెండోది మాఫీ. 2014 ఎన్నికల నాటి రుణమాఫీ హామీతో చాలా సంఘాలు వాయిదాలు ఆపేశాయి, వడ్డీ మీద వడ్డీ పెరిగింది, చివరకు సభ్యురాలికి పది వేల చొప్పున పెట్టుబడి నిధిగా అందింది. ఆ తరువాతి ప్రభుత్వం 2019 ఏప్రిల్ నాటి బాకీలను ఆసరా పేరుతో నాలుగు విడతల్లో చెల్లించింది. కష్టంలో ఉన్న కుటుంబానికి ఆ డబ్బు మేలు చేసిందన్నది నిజమే. ఐదు సూత్రాల్లో నాలుగోది, గడువులోగా చెల్లింపు, ఆ మేరకు బలహీనపడిందన్నదీ అంతే నిజం.

మూడో దెబ్బ కంటికి కనిపించదు. పింఛను సర్వే నుంచి పార్టీ సభకు జన సమీకరణ దాకా ప్రతి పనికీ సంఘాల పేరు తలుచుకోవడం ప్రభుత్వాలకు అలవాటైంది. ఈ విషయంలో ఒక పార్టీకీ మరో పార్టీకీ తేడా లేదు. సమావేశంలో అప్పుల లెక్క చదవవలసిన గంట పథకాల ప్రకటన చదవడానికి ఖర్చవుతుంది. పుస్తకం రాసే బాధ్యత క్రమంగా సభ్యుల చేతి నుంచి జారి, ఊరికొకరుగా ఉన్న గ్రామైక్య సంఘ సహాయకురాలు (వీవోఏ) మీదికి, ఆమె చేతిలోని ట్యాబ్ మీదికి వెళ్లింది. అంకెలు తెర మీద ఉన్నాయి గానీ జంపఖానా మీద గట్టిగా చదివే అలవాటు తగ్గిన చోటే, సభ్యులకు తెలియకుండా వారి పేరున అప్పులు పుట్టిన ఉదంతాలు బయటపడుతున్నాయి. నిరుపేదలు, ముఖ్యంగా సుగ్గికి పోయే కుటుంబాలు, నెలనెలా హాజరు వేయించుకోలేక సంఘానికి వెలుపలే మిగిలిపోవడం ఇంకా తీరని లోటు.

ఇప్పుడు పారిశ్రామిక వాడల కాలం వచ్చింది. ఓర్వకల్లులో, కొప్పర్తిలో కర్మాగారాలు వస్తే క్యాంటీన్లు, దుస్తుల కుట్టుపని, పాలు, కూరగాయల సరఫరా వంటి పనులు ఎవరో ఒకరికి దక్కుతాయి. ఆ పనులను చిన్న చిన్న ఉపకారాలుగా పంచిపెట్టడం కన్నా, రిజిస్టరైన సహకార సంఘాలైన మండల సమాఖ్యలతో నేరుగా ఒప్పందాలు చేసుకోవడం జిల్లా యంత్రాంగం చేయగలిగిన పని. దానికి ముందు, సమాఖ్యల ఎన్నికలు గడువు తప్పకుండా జరగాలి, ఆడిట్ నివేదికలు సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించాలి. 1995 చట్టం ప్రకారం సమాఖ్య నిధి సభ్యులది, నియమావళి సభ్యులది, పాలకవర్గాన్ని ఎన్నుకునేదీ దించేదీ సభ్యులే. ఆ చట్టం ఇప్పటికీ అమలులో ఉంది.